రెండో జాడీ

కొత్త ఆవకాయ కలిపిన ఇంట్లో జాడీలు రెండుంటాయి. పెద్ద జాడీకి వాసెన కట్టి అటకెక్కిస్తారు. రోజువారీ వాడకానికి చిన్న జాడీలోకి కాస్త తీస్తారు. చిన్న జాడీలో ఎవరో తడిచెయ్యి పెడతారు, బూజు పడుతుంది. పడితే పడింది, పెద్దది ఉంది గదా అని ఇల్లాలి ధైర్యం. అయితే ఆ ధైర్యానికి ఒక షరతుంది. చిన్న జాడీలో తిప్పిన గరిటె పెద్ద జాడీలో పెట్టకూడదు.

ఈమాత్రం తెలిసినవారికి ఈమధ్య ఇళ్లలో వెలుస్తున్న నాస్ పెట్టెల సంగతి బోధపరచడం ఏమంత కష్టం కాదు. చెప్పుల డబ్బా అంత ఉంటుంది పెట్టె. లోపల రెండో నాలుగో హార్డ్ డిస్కులు. రూటర్ పక్కన కూచుని నీలంగా కళ్లార్పుతూ, ఇంటిల్లిపాది ఫోన్లలోని ఫోటోలు, పెళ్లి వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, పిల్లవాడు మొదటిసారి పాకిన దృశ్యం, అన్నీ తన కడుపులో పెట్టుకుంటుంది. ఒక డిస్కు పాడైతే రెండో డిస్కు ఆదుకుంటుంది. అంతటితో నిశ్చింత అనుకునేవారే ఎక్కువ. కాని అది ఒక జాడీలో రెండు అరల్లాంటిది. దొంగ ఎత్తుకుపోతే జాడీ మొత్తం పోతుంది. ఇల్లు కాలితే రెండరలూ కాలతాయి.

ఇళ్లే కాదు, ప్రభుత్వాలూ ఈ మాట మరిచిపోతాయి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటర్ కేంద్రం అంటుకుంది. ఉద్యోగులు తమ పని కాగితాలన్నీ దాచుకునే జీ-డ్రైవ్, 858 టెరాబైట్లు, బూడిదైంది. దానికి బయట ఎక్కడా నకలు లేదు. అంత పెద్దదానికి నకలు తీయడం సాధ్యపడలేదని సంజాయిషీ. పెద్ద జాడీకి సరిపడా అటక లేదన్నమాట.

అందుకే తెలిసినవారు రెండో పెట్టె కొంటారు. దాన్ని మరో ఊళ్లో ఉన్న అన్నగారింట్లోనో, అమెరికాలో ఉన్న కొడుకింట్లోనో పెడతారు. రోజూ రాత్రి, అందరూ నిద్రపోయిన వేళ, ఈ పెట్టెలో వచ్చిన మార్పులు ఆ పెట్టెకి వాటంతటవే చేరిపోతాయి. రోజూ మొత్తం మొయ్యక్కర్లేదు. ఏది మారిందో పోల్చి చూసి, మారిన ముక్క మాత్రమే పంపే ఉపాయం ఒకటుంది. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియావారు దాన్ని ఆర్‌సింక్ అనే పేరుతో లోకానికి ఇచ్చారు. ఇప్పటికీ ఎన్నో పెట్టెలలో లోపల పనిచేస్తున్నది అదే. ఒకసారి ఏర్పాటు చేస్తే ఇక మన ప్రమేయం ఉండదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇది అద్భుతమైన సదుపాయం.

మన ప్రమేయం లేకపోవడంలోనే అసలు చిక్కంతా ఉంది.

పూర్వం తాళపత్రాలకు ప్రతులు రాసే లేఖకులు చివర ఒక మాట చేర్చేవారు. మాతృకలో ఎలా ఉందో అలాగే రాశాను, తప్పొప్పుల దోషం నాది కాదు అని దాని భావం. రెండు పెట్టెలూ అద్దంలో బింబంలా ఒక్కలా ఉండాలని మనం ఆజ్ఞాపిస్తే, యంత్రం కూడా అదే మాట అంటుంది. ఇక్కడ ఫోటో చెరిపితే అర్ధరాత్రికి అక్కడా చెరుపుతుంది. ఇక్కడ ఫైలుకి తెగులు సోకితే అక్కడికీ శ్రద్ధగా తెగులు మోస్తుంది. తడి గరిటె రెండో జాడీలోకి వెళ్లిందన్నమాట. దొంగ ఈ పెట్టెలో జొరబడితే, ఆ పెట్టె తాళంచెవి ఇక్కడే దొరుకుతుంది. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే దుష్ట ప్రోగ్రాము ఇలాంటి ఇంటి పెట్టెలను వేలకొద్దీ బిగించి, తాళం తియ్యాలంటే డబ్బు కట్టమన్నది. అందుకని జాగ్రత్తపరులు తాళంచెవి మొదటి పెట్టెకివ్వరు. రెండో పెట్టే వచ్చి కావలసినవి తీసుకుపోవాలి. అత్తగారి బొడ్డులో తాళాలగుత్తి ఎందుకుండేదో ఇప్పుడు కంప్యూటర్ ఇంజనీర్లు కూడా ఒప్పుకుంటున్నారు.

మంచి బ్యాకప్ అంటే మన మాట వెంటనే వినని నౌకరు లాంటిది. "పారెయ్" అంటే "చిత్తం" అంటాడు గాని, పెరట్లో ఓ మూల దాచి ఉంచుతాడు. రోజువారీ ప్రతులు కొన్ని, వారానికొకటి కొన్ని, నెలకొకటి కొన్ని ఉంచి, గడువు తీరినవాటిని వరసగా వదిలేస్తాడు. ఈ పద్ధతికి కంప్యూటరువారు పెట్టుకున్న పేరు విన్నారా? తాత, తండ్రి, కొడుకు! ఇంట్లో పాత సంగతులన్నీ జ్ఞాపకం ఉంచుకునేది సాధారణంగా ఎవరో వాళ్లకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఇటువంటి నౌకరు ఎందుకు కావాలంటే, పొరపాటున పోయినదానికీ కావాలని పోగొట్టినదానికీ యంత్రం కంటికి తేడా కనిపించదు గనక. జారిపడ్డ గాజుగిన్నె, విసిరికొట్టిన గాజుగిన్నె, నేలమీద పెంకులు ఒక్కలాగే ఉంటాయి. మనుషుల్లో మనకి ఆ తేడా తెలుస్తుంది, చాలా ముఖ్యం కూడా.

అమెరికాలో పిక్సార్ అనే బొమ్మల సినిమాల సంస్థ ఉంది. 1998లో వారు 'టాయ్ స్టోరీ 2' తీస్తుండగా ఎవరో ఒక ఆజ్ఞ పొరపాటున కొట్టారు. చూస్తుండగానే కంప్యూటర్లలోంచి సినిమా చెరిగిపోవడం మొదలుపెట్టింది. బ్యాకప్ ఉంది గదా అని చూస్తే అది సరిగా పనిచెయ్యడం లేదు. అప్పుడు గేలిన్ సుస్మన్ అనే ఆవిడకి తన ఇంట్లో ఒక ప్రతి ఉన్నట్టు గుర్తుకొచ్చింది. బిడ్డ పుట్టిన కొత్తలో ఇంటినుంచి పనిచేసుకోవడానికి తెచ్చుకున్న కంప్యూటరది. దాన్ని దుప్పట్లలో చుట్టి, కారులో పసిపాపని తెచ్చినట్టు తెచ్చారట. సినిమా బతికింది. ఇంతవరకు చాలామంది చెబుతారు. తరవాతి ముక్క చెప్పరు. అంత కష్టపడి బతికించుకున్న ఆ సినిమా తమకే నచ్చక, చాలా భాగం పక్కనపెట్టి మళ్లీ తీసి, 1999 నవంబరులో విడుదల చేశారు!

మరి దుప్పట్లూ, ఆదుర్దా అంతా వృథాయేనా? కాదని నా అభిప్రాయం. చేజారిపోవడం వేరు, చేతులారా వదులుకోవడం వేరు. మొదటిదాంట్లో మనిషికి చెప్పుకోడానికి ఏమీ లేదు. రెండోదాంట్లో మనిషి నిర్ణయం ఉంది. బ్యాకప్ మొదటిదాన్నుంచి కాపాడితే ఉపకారం. రెండోదానికి కూడా అడ్డుపడితే?

నేనెరిగిన ఒక ఇల్లుంది. ఊరూ పేరూ అనవసరం. తండ్రిగారి దగ్గరొక పెట్టె, హైదరాబాదులో పెద్దకొడుకు దగ్గర రెండోది. కూతురికి ఆరేళ్ల కిందట పెళ్లయింది, నిలబడలేదు. ఇద్దరూ మర్యాదగానే విడిపోయారు. సంక్రాంతికి పుట్టింటికొచ్చి హాల్లో కూచుని చక్రాలు తింటోంది. టీవీలో ఫోటోలు వాటంతటవే మారుతున్నాయి. యంత్రాలకి పాతవి తవ్వి చూపించే సరదా ఒకటుంది గదా. నలుగు పెడుతున్నప్పటి ఫోటో ఒకటి నిలువెత్తున వచ్చి నిలబడింది.

"నాన్నా, పెళ్లి ఫోటోలన్నీ తీసెయ్. నా కళ్లముందే తీసెయ్" అంది.

ఆయన తీసేశారు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారు. ఆ రాత్రి రెండు గంటలకి హైదరాబాదు పెట్టె, ఇన్ని ఫైళ్లు మొదటి పెట్టెలో లేవు, నా దగ్గర మాత్రం పాత ప్రతులున్నాయి అని కొడుక్కి చిట్టీ పంపింది. నెలసరి ప్రతులు పన్నెండు ఉంచేలా అతనే ఏర్పాటు చేశాడు. మర్నాడు తల్లి ఫోను.

"ఒరే, మీ అమ్మమ్మ నోరారా నవ్విన ఫోటో ఆ పెళ్లిలోదొక్కటే రా. దాని తరవాత ఆవిడ మంచమెక్కింది."

అతను రెండు నెలలు ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెల్లెలికి చెబితే మాట తప్పినట్టు, తల్లికి చెబితే చెల్లెల్ని మోసం చేసినట్టు. ఓ పెళ్లిలో కలిసినప్పుడు, "పిన్నిగారూ, మీరు నవలలు రాస్తారు గదా, మీరయితే ఏం చేయిస్తారు?" అని అడిగాడు. నవలలో అయితే సులువు, పెట్టెకి నిప్పంటించి ఆఖరి అధ్యాయం రాసేస్తాను. కొన్న డబ్బు నాది కాదు గదా.

పోనీ చట్టం ఏమంటుందో చూద్దామంటే, మన దేశంలో వ్యక్తిగత డేటా రక్షణకని 2023లో ఒక చట్టం చేశారు. నా వివరాలు చెరిపెయ్యండి అని అడిగే హక్కు అందులో రాశారు. కాని సొంతానికీ ఇంటి అవసరాలకీ మనుషులు దాచుకునేవాటి జోలికి రాను అని కూడా అదే చట్టంలో ఉంది. గడప దగ్గరే చెప్పులు విడిచి నిలబడిందన్నమాట. కొట్టువాడు మన ఫోన్ నంబరు ఉంచుకుంటే నిలదియ్యవచ్చు. అన్నగారు మన కన్నీళ్లు ఉంచుకుంటే మాత్రం మనమూ మనమూ చూసుకోవాలి.

పెద్దవాళ్లు కొందరు, "చెరిపినంత మాత్రాన జరగనిదవుతుందా?" అంటారు. ఆ పిల్ల జరగలేదనడం లేదు. కోర్టు కాగితాలు ఆవిడ దగ్గర భద్రంగానే ఉన్నాయి. చక్రాలు తింటుండగా గోడమీదనుంచి తన ముఖం తన మీద పడకూడదు అంటోంది, అంతే. జ్ఞాపకం మనం పిలిస్తే రావాలి. పిలవకుండా వచ్చి నట్టింట్లో కూచుంటే దానిని జ్ఞాపకం అనను.

అలాగని తల్లిని తప్పుపట్టలేను. ఒక ఫోటోలో నలుగురుంటే అది నలుగురి ఆస్తి. కూతురికి అది తన పెళ్లి. తల్లికి అది తన తల్లి. ఒకరి మరుపుకి ఇంకొకరి జ్ఞాపకం ఖర్చవుతోంది. ఇటువంటిచోట ఏకపక్షంగా తీర్పు చెప్పేవారిని చూస్తే నాకు భయం. చెరిపెయ్యమనే హక్కు పవిత్రమని అనేవారైనా సరే, ఏదీ చెరపకూడదని అనేవారైనా సరే.

ఉంచడంలో దోషం లేదు. ఉంచినట్టు చెప్పకపోవడంలో ఉంది. చెరిపిందేదీ వెంటనే పోకుండా కొంతకాలం ఆగడం మంచి పద్ధతే. పరస్పర అంగీకారంతో విడాకులిచ్చేటప్పుడు కూడా మధ్యన ఆరు నెలల గడువు పెట్టింది చట్టం, 1976లో. అవసరమైతే కోర్టు ఆ గడువు మాఫీ చెయ్యవచ్చని 2017లో సుప్రీంకోర్టు అన్నది. గడువు మనసు మార్చుకోవడానికి, గడువు మాఫీ అప్పటికే మనసు గట్టిపడినవారికి. రెండూ కావాలి. కాని ఆ గడువు ఉందన్న సంగతి ఎవరి పెళ్లో వాళ్లకి తెలియాలి గదా! గుట్టుగా ఉంచిన రెండో ప్రతి ఎంత ప్రేమతో ఉంచినా, ఎదుటి మనిషి మాటని లెక్కచెయ్యనట్టే. ఇక గడువే లేకుండా, సర్వం, శాశ్వతంగా ఉంచే పెట్టెలున్నాయి. డిస్కులు చవకైనకొద్దీ అలాంటివి పెరుగుతాయి. నాకవి భద్రతలా కనిపించవు. ఇరవయ్యేళ్ల కిందటి మాట వడ్డీతో అప్పజెప్పే బంధువులా కనిపిస్తాయి.

ఇదంతా విని, "అయితే చెప్పెయ్యమంటారు" అన్నాడు ఆ అబ్బాయి.

"రేపు కాదు, ఇవాళే చెప్పు" అన్నాను.

చెప్పాడట. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదట. తరవాత, "ఎన్నాళ్లుంటాయి?" అంది.

"సంక్రాంతికి చెరిపావు. మళ్లీ సంక్రాంతి వచ్చేసరికి ఆఖరి ప్రతి పోతుంది. ఇప్పుడే తీసెయ్యమంటే తీసేస్తాను."

"అమ్మమ్మ ఉన్నవి అమ్మని ఏరుకోమను. అందులో నేనున్నా ఫరవాలేదు, అతనున్నా ఫరవాలేదు. టీవీలో మాత్రం రాకూడదు. తక్కినవి వాటంతటవే పోనీ అన్నయ్యా, నువ్వు ముట్టుకోకు."

తల్లి పదకొండు ఏరుకుంది. నేనయితే నాలుగిచ్చేదాన్ని. ఆ పదకొండింటికీ వేరే ఫోల్డరు పెట్టి, టీవీకి కనబడకుండా చేశాడు కొడుకు. ఆవిడకి మాత్రం పెట్టెల మీద గురి కుదరలేదు. స్టూడియోకి వెళ్లి అన్నీ కాగితం మీద వేయించింది, రెండేసి ప్రతులు. ఒక కట్ట బీరువాలో పట్టుచీరల కింద పెట్టుకుంది. రెండో కట్ట బస్సు డ్రైవరుకిచ్చి హైదరాబాదు పంపింది.