ప్రాణం ఇచ్చేస్తే తప్పు తీరిపోతుందా?

తప్పు చేసినవాడు చివర్లో ఎవరినైనా కాపాడి చనిపోతే అతని తప్పు మాఫీ అయిపోతుందా? సినిమాల్లో అయితే అయిపోతుంది. మోసం చేసిన స్నేహితుడు క్లైమాక్స్‌లో హీరోకి తగలాల్సిన తూటాకి అడ్డం పడతాడు. హీరో ఒళ్లో తల పెట్టుకుని రెండు మాటలు చెప్పి కన్ను మూస్తాడు. మనం కళ్లు తుడుచుకుని అతన్ని క్షమించేస్తాం. అంతకు ముందు అతని వల్ల ఎవరు నష్టపోయారో, వాళ్ల సంగతి ఏమిటో ఎవరూ అడగరు.

'లాస్ట్' అనే అమెరికన్ సీరియల్ చూశాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అది 2004 నుంచి 2010 వరకు ఆరు సీజన్లు వచ్చింది. మా పెద్దమ్మగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, తన ల్యాప్‌టాప్‌లో పెడితే సెలవుల్లో ఇద్దరం కలిసి చూశాం. సిడ్నీ నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్తున్న విమానం ఒక దీవిలో కూలిపోతుంది. బతికినవాళ్లలో చాలామందికి వెనకాల ఏదో ఒక తప్పు ఉంటుంది. నల్లటి పొగలాగా తిరుగుతూ మనుషుల్ని చంపే ఒక శక్తి కూడా అక్కడ ఉంటుంది. ఆ దీవి రహస్యం ఏమిటని చూసినవాళ్లు ఏళ్ల తరబడి రకరకాల సిద్ధాంతాలు అల్లుకున్నారు. వాటిలో రెండు నాకు ముఖ్యంగా తోచాయి.

మొదటిది: వాళ్లంతా విమానం కూలినప్పుడే చనిపోయారు, ఆ దీవి పాపాలు కడుక్కునే లోకం. సీరియల్ తీసినవాళ్లు ఇది కాదన్నారు. దీవిలో జరిగిందంతా నిజమేనని ఆఖరి ఎపిసోడ్‌లో కూడా చెప్పించారు. అది కాకపోవడమే మంచిది అని నా అభిప్రాయం. అందరూ ముందే చనిపోయి ఉంటే అక్కడ ఎవరు ఎవరికోసం ప్రాణం ఇచ్చినా విలువేముంది? లేని ప్రాణాన్ని దానం చెయ్యలేం కదా.

రెండోది మా అన్నయ్యకి ఇష్టమైనది: ఆ దీవిలో ఎవరి పాత లెక్క తీరిపోతే వాళ్లు చనిపోతారు. అంటే చావు ఒక రసీదు లాంటిది. దీనికి అందరూ చూపించే ఉదాహరణ చార్లీ. అతను మత్తుమందుకి అలవాటుపడిన పాటగాడు. సముద్రం అడుగున ఉన్న కేంద్రానికి వెళ్తే చనిపోతావని డెస్మండ్ ముందే చెబుతాడు. అయినా వెళ్తాడు. నీళ్లు లోపలికి వస్తుంటే డెస్మండ్ బతకాలని తలుపు లోపల్నుంచి మూసేస్తాడు. వస్తున్న ఓడ మనం అనుకున్నవాళ్లది కాదని అరచేతి మీద రాసి అద్దంలోంచి చూపిస్తాడు. ఇక్కడ అన్నయ్యతో నాకు తేడా వచ్చింది. చార్లీ తన పాపం తీర్చుకోడానికి చనిపోలేదు. దీవి నుంచి వెళ్లే సంకేతాలు అక్కడ ఆగిపోతున్నాయి, వాటిని విడిపించాలని వెళ్లాడు. ఆఖరి క్షణంలో కూడా మిగిలినవాళ్లకి ఏం తెలియాలో అదే ఆలోచించాడు. ఆ పనికి ప్రాణం ఖర్చయింది, అంతే.

పైగా ఎకో దగ్గర ఆ సిద్ధాంతం నిలబడదు. చిన్నప్పుడు తుపాకులు పట్టుకొచ్చినవాళ్లు అతని తమ్ముణ్ణి ఒక ముసలాయన్ని కాల్చమంటారు. తమ్ముడి చేతికి రక్తం అంటకూడదని ఎకో ఆ తుపాకీ తీసుకుని తనే కాలుస్తాడు. తరవాత పెద్ద నేరస్థుడవుతాడు. దీవిలో చనిపోయే ముందు నేను క్షమాపణ అడగను, బతకడానికి చెయ్యాల్సింది చేశాను అంటాడు. లెక్క తీరకుండానే పోయాడు. కాబట్టి చావుని రసీదు అనలేం.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మైకేల్ కథ. కొడుకు వాల్ట్‌ని విడిపించుకోడానికి అతను అనా లూసియాని, లిబ్బీని కాల్చి చంపుతాడు. తరవాత నలుగురు స్నేహితుల్ని శత్రువులకి పట్టిస్తాడు. కొడుకు దక్కాడు, కాని తండ్రి చేసింది తెలిశాక ఆ కొడుకే మొహం చూడడు. చివరికి మైకేల్ ఒక ఓడలో బాంబు వెంటనే పేలకుండా ఆపుతూ, మిగిలినవాళ్లు తప్పించుకోడానికి టైం ఇచ్చి, పేలుడులో పోతాడు. మామూలు సినిమా అయితే ఇక్కడితో శుభం. ఈ సీరియల్ అలా వదల్లేదు. ఆరో సీజన్‌లో అతని ఆత్మ ఇంకా ఆ అడవిలోనే ఉంటుంది. లిబ్బీని ప్రేమించిన హర్లీ కనిపిస్తే, ఆమె ఎప్పుడైనా కలిస్తే నేను చాలా బాధపడుతున్నానని చెప్పు అంటాడు. ఓడలో ఎంతమందిని కాపాడినా లిబ్బీకి ఇవ్వాల్సిన బాకీ అలాగే ఉండిపోయింది. ఒకరికి చేసిన మేలు ఇంకొకరికి చేసిన అన్యాయాన్ని చెరపదు.

బెన్ ఇంకా పెద్ద దుర్మార్గుడు. కాని అతను చనిపోయి మంచివాడు అవ్వలేదు. హర్లీకి సహాయకుడిగా ఉండి దీవిని చూసుకుంటాడు. చివర్లో తాను చంపిన లాక్‌ని స్వయంగా క్షమాపణ అడుగుతాడు. లాక్ క్షమిస్తాడు. అయినా అందరూ లోపలికి వెళ్తుంటే బెన్ బయటే కూర్చుంటాడు, ఇంకా తేల్చుకోవాల్సినవి ఉన్నాయంటాడు. నాకు ఆ సీరియల్‌లో అసలైన ప్రాయశ్చిత్తం అక్కడే కనిపించింది.

"బతికి ఉన్నవాడు మళ్లీ తప్పు చెయ్యొచ్చు కదా, చనిపోయినవాడికే గ్యారంటీ" అంటాడు అన్నయ్య. నిజమే. మళ్లీ జారిపోయే వీలున్నా రోజూ జారకుండా నిలబడుతున్నాడు కాబట్టే బతికినవాడి మార్పుకి విలువ అంటాను నేను.

మాకు వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన ఉన్నారు. తాగుడు కోసం పిన్ని బంగారం తాకట్టు పెట్టేశారు. మానేసి రెండేళ్లయింది. ప్రతి నెలా కొంత కొంత కట్టి గొలుసు విడిపించారు, గాజులు ఇంకా రావాలి. పిన్ని అన్నం పెడుతుంది గాని బజారు డబ్బులు మాత్రం ఆయన చేతికి ఇవ్వదు. ఇంకా కోపమేనా అని ఎవరైనా అడిగితే "గాజులు కూడా రానీ, అప్పుడు చూద్దాం" అంటుంది. ఆవిడది కఠినం అని కొందరు అంటారు. నష్టపోయింది ఆవిడ, ఎప్పుడు క్షమించాలో చెప్పే హక్కు కూడా ఆవిడదే. అదే బాబాయ్ రెండేళ్ల కిందట ఎవరినో కాపాడుతూ పోయి ఉంటే వీధి వీధంతా ఫోటోకి దండ వేసేది. చచ్చినవాడి కళ్లు చేరెడు అని మా నాన్నమ్మ ఊరికే అనదు. పిన్ని బంగారం మాత్రం తాకట్టులోనే ఉండేది.

మన గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున జౌగడలో అశోకుడి శాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధంలో 1,00,000 మంది చనిపోయారని, 1,50,000 మందిని బందీలుగా తరలించారని, అందుకు తాను బాధపడుతున్నానని ఆయన 13వ శాసనంలో చెప్పాడు. ఆ శాసనం కళింగలోని జౌగడలోగాని ధౌలిలోగాని చెక్కించలేదు. అంటే దెబ్బ తిన్నవాళ్లకి ఆ మాట అక్కడ చదివి వినిపించేవాళ్లు లేరు. దాని బదులు ఈ రెండు చోట్లా వేరే శాసనాలు ఉన్నాయి. ప్రజలంతా నా బిడ్డలు, కారణం లేకుండా ఎవరినీ బంధించి బాధపెట్టకండి అని అధికారులకి ఆజ్ఞ. ఆయన మాట చెప్పకుండా పని మొదలుపెట్టాడు, మైకేల్ చనిపోయాక మాట ఒక్కటే పంపగలిగాడు. రెండిట్లోనూ సగం లోటు ఉంది. క్షమాపణ ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాలి, పాడుచేసింది మన చేతుల్తోనే బాగుచెయ్యాలి.

కాబట్టి మిత్రులారా, ప్రాణత్యాగాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. చార్లీ లాంటివాళ్లకి దండం పెడతాను. కాని తప్పు చేసినవాడికి త్యాగం దగ్గరదారి కాకూడదు. వాడు బతకాలి, ఎవరి దగ్గర తీసుకున్నాడో వాళ్ల గుమ్మం ముందుకే వెళ్లి తిరిగి ఇవ్వాలి. అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. చూడ్డానికి క్లైమాక్స్ లాగా కూడా ఉండదు.