మంచి పేరు ఎవరి యొద్ద నుండును?



సామెతల గ్రంథము 22వ అధ్యాయము మొదటి వచనము మనలో అనేకులకు కంఠస్థము. ధనమును మంచి పేరును త్రాసులో పెట్టి, పేరు వైపే మొగ్గు చూపిన వచనమది. అయితే ఆ పేరు ఎక్కడ నుండును? రూపాయలను పెట్టెలో పెట్టి తాళము వేయవచ్చును. వడ్లను గుమ్మిలో పోయవచ్చును. పేరు మాత్రము మన యింటిలో నుండదు. అది పొరుగువాని నోటిలోను, మనమెరుగని వాని చెవిలోను నుండును. కావుననే దానిని దొంగిలించుటకు గోడకు కన్నము వేయ నక్కరలేదు. ఈ సంగతిని నేను పుస్తకములు చదివి తెలిసికొనలేదు. 2020 ఫిబ్రవరిలో నేను చేసిన యొక తప్పు నాకు నేర్పినది.

కరోనా యను క్రొత్త వ్యాధి చైనా దేశములో బయలుదేరెనని మన మిరుదొడ్డిలో సయితము చెప్పుకొనుచున్న దినములవి. కోడి మాంసము వలన ఆ వ్యాధి అంటునని యొక సందేశము, జబ్బు కోడి బొమ్మతో సహా, నా సెల్ ఫోనునకు వచ్చెను. పంపినవాడు నా దగ్గరి బంధువు. నేను రెండవ మారు చదువలేదు. మనవారికి మేలు కలుగవలెనను తలంపుతో దానిని సంఘస్థుల వాట్సాప్ గ్రూపులో వేసి, ప్రార్థన చేసికొని నిద్రపోతిని.

ఆ గ్రూపులో కోళ్ళు పెంచు సహోదరుడొకడు గలడు. అతడు నాలుగు దినములు మాటాడలేదు. ఐదవ దినమున సాయంకాలము మా యింటికి వచ్చి అరుగు మీద కూర్చుండెను.

“సారూ, గా మాట వేరేటోళ్ళు పంపితే సగం మంది నమ్మకపోదురు. మీరు పంపిండ్రని నమ్మిండ్రు. మా షెడ్డు కాడికి బండి వస్తలేదు.”

నేను జవాబు చెప్పలేకపోతిని.

ఫారము కోడి సంగతి తెలియని వారి కొరకు కొంచెము వివరించెదను. వడ్లకు ధర లేనియెడల రైతు నెల దినములు ఇంటిలో నిలువ చేసికొనవచ్చును. ఫారము కోడి అట్లు కాదు. పిల్లను దింపిన సుమారు ఆరు వారములకు అది రెండు కిలోల తూకమునకు వచ్చును. ఆ మీదట షెడ్డులో నుంచిన ప్రతి దినమును మేత దండుగ. వేసవి సమీపించిన కొలది వేడికి చచ్చునవియు హెచ్చును. మేతలో సగమునకు పైగా మక్కలే గనుక, కోడి అమ్ముడుపోని యెడల మక్కలు పండించినవానికిని నష్టమే. నేను వ్రేలితో ఒక్క మారు నొక్కిన మాట యెంత దూరము పోయెనో చూడుడి!

ఆ రాత్రి నాలో నేను చేసికొనిన వాదమును దాచక చెప్పెదను. “నేను పుట్టించలేదు గదా, వచ్చినదానినే పంపితిని” అనుకొంటిని. తరువాత నిర్గమకాండము 23వ అధ్యాయము తెరచితిని. మన తెలుగు బైబిలులో మొదటి వచనము లేనివార్తను పుట్టించుటను గూర్చి చెప్పుచున్నది. కాని హెబ్రీ భాషలో అక్కడనున్న క్రియకు ఎత్తుట, మోయుట అని అర్థము. అట్లయిన, పుట్టించినవాడు ఒక్కడే దోషి కాడు, మోసినవాడును దోషియే.

“ప్రేమతో పంపితిని” అని మరియొక సాకు. ఇది కొంచెము కఠినమైన ప్రశ్న. వరద వచ్చుచున్నదని విని, నిజమో కాదో తేల్చుకొనువరకు మౌనముగా నుండువానిని మెచ్చుకొందుమా? మెచ్చుకొనము. అయితే నేను ఎవరి యెడల ప్రేమ చూపితిని? తినువాని యెడల. పెంచువాడు నా జ్ఞాపకమునకు రానేలేదు. ఇద్దరును ఒకే గ్రూపులో నుండిరి. ఒకరిని కాపాడవలెనను తొందరలో రెండవవాని బ్రతుకును లెక్కింపని దానిని ప్రేమ యనుటకు నా నోరు రాకున్నది.

2018 మే నెలలో పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఇట్లే ఫోనులలో ప్రాకి, మన తెలంగాణలోనే నిర్దోషులు గుంపుల చేతిలో చంపబడిరి. ఆ కబురు పంపిన తల్లులును ప్రేమతోనే పంపియుందురు. ఆ యేడు జూలైలో వాట్సాప్ వారు మన దేశములో ఒక సందేశమును ఒక్కమారుగా ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసిరి. మనలో ఆ ఐదును ఆలోచించి పంపువారెందరు?

ఇక కోడి సంగతి. 2020 ఫిబ్రవరి 28న హైదరాబాదులో మన రాష్ట్ర మంత్రులు వేదిక మీద నిలిచి, అందరును చూచుచుండగా కోడి మాంసము తినిరి. వేయి మాటలు చెప్పుటకంటె తిని చూపుటయే మేలని వారికి తోచెను కాబోలు. వేసవిలో ధర మరల ఎక్కెను. కాని ఫిబ్రవరిలో అయినకాడికి అమ్ముకొనినవానికి ఆ ధర యేమి ప్రయోజనము? జక్కయ్య అన్యాయముగా తీసికొనిన దానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని చెప్పెను. అతనికి ఎవరికి ఇయ్యవలెనో తెలిసియుండెను. నా మాట ఎన్ని ఊళ్ళు తిరిగెనో నాకు తెలియదే!

దీనికి తలక్రిందులైన సంగతియు మన ముందున్నది. హైదరాబాదులో సత్యమే పేరుగా గల పెద్ద కంప్యూటరు కంపెనీ యుండెను. చక్కని పరిపాలన గల కంపెనీయని 2008 సెప్టెంబరులో దానికి గోల్డెన్ పీకాక్ బహుమానము వచ్చెను. 2009 జనవరి 7న దాని అధిపతి రామలింగరాజు గారు లెక్కలలో చూపిన నిలువ ధనములో ఐదు వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని తానే లేఖ వ్రాసి ఒప్పుకొనిరి. బహుమానము వెనుకకు తీసికొనబడెను. కోడి పెంచువాని సరుకు మంచిది, పేరు చెడ్డదాయెను. ఇచ్చట పేరు మంచిది, పెట్టెలో ధనము లేదు. రెండు చోట్లను జనులు సరుకును చూడలేదు, చెప్పుకొనుచున్న మాటనే చూచిరి. షేరు కొనినవాడు బ్యాంకునకు పోయి లెక్క చూచుకొనలేడు, నిజమే. కాని మన పల్లెలో షెడ్డు నడచిపోయెడి దూరములోనే యుండెను. నేను పోలేదు.

మరునాడు పోతిని. తెల్లని కోళ్ళు మేత తినుచు నిక్షేపముగా నుండెను. తిరిగివచ్చి, నేను పంపినది అబద్ధమని గ్రూపులో నా పేరుతోనే వ్రాసితిని. మొదటి మాటను మోసినంత మంది దీనిని మోయలేదు. అప్పుడు మరియొక మార్గము తోచెను. శ్రమల దినములు ఇంకను ఆరంభము కాలేదు. ఆ సహోదరుని యొద్దనే ఒక కోడిని ధర యిచ్చి కొని, సంచిలో పెట్టక, కాళ్ళు పట్టుకొని, అంగడి వేళకు మిరుదొడ్డి బజారులో ఈ చివరి నుండి ఆ చివరి వరకు నడచితిని.

కూరగాయలు అమ్ము అవ్వ ఒకతె చూచి నవ్వెను. “ఏంది సారూ, మీరే తినొద్దన్నరట గదా?”

“అన్న అవ్వా. తెల్వక అన్న. ఇగో, తింటున్న.”

ఆమె కోడిని ఎగాదిగా చూచి, “ఎంతకిచ్చిండు?” అని యడిగెను.