ఎక్స్‌రేలో కనబడని నొప్పి ఎవరి కర్మ?

సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న కారును వెనక నుంచి ఇంకో కారు గుద్దుతుంది. దిగి చూసుకుంటే బంపర్ సొట్టపోయి ఉంటుంది గానీ మనిషికి చిన్న గీత కూడా పడదు. దేవుడి దయ అనుకుంటూ ఇంటికి చేరతాడు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుని పుక్కిలించబోతే తల వెనక్కి వాలదు.

ఇందులో వింతేమీ లేదు. గుద్దిన క్షణంలో సీటు ఒంటిని ముందుకు నెడుతుంది, తల వెనకబడి మరుక్షణం విసురుగా కదులుతుంది. మెడ కండరాలు, లిగమెంట్లు సాగి దెబ్బతింటాయి. లోపలి వాపు గంటల తరబడి మెల్లగా పెరుగుతుంది. అప్పటి కంగారులో ఒంట్లో ఊరే అడ్రినలిన్ కాసేపు నొప్పిని తెలియనివ్వదు. చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో తగ్గిపోతుంది. కొందరిని మాత్రం ఏళ్ల తరబడి వదలదు. ఎక్స్‌రే తీస్తే ఎముకలన్నీ బాగానే ఉంటాయి.

రిపోర్టుల్లో ఏమీ లేదని ఆస్పత్రి పంపించేశాక, ఇంట్లోవాళ్ల ఓపికా తగ్గాక, కర్మ మాట వస్తుంది. "ఏ జన్మలో ఏం చేసుకున్నావో నాయనా, అనుభవించక తప్పుతుందా?" అంటుంది చూడవచ్చిన పెద్దావిడ. ప్రేమతోనే అంటుంది. ఎప్పుడో తగిలిన దెబ్బ ఇంకెప్పుడో బయటపడడం కర్మఫలమన్న ఊహకు చక్కగా అతుకుతుంది కూడా. కానీ ఆ ఓదార్పులో ఒక తీర్పు ఉంది. గుద్దినవాడు పక్కకు తప్పుకుంటాడు, గుద్దించుకున్నవాడు దోషిగా మిగులుతాడు.

ఈ ప్రశ్నే రాజగృహం దగ్గరి వేణువనంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ని సూటిగా అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లనేనని కొందరు అంటున్నారు, తమరేమంటారు? బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో ఉన్న జవాబు చదివితే చాలామంది ఆశ్చర్యపోతారు. బాధకు కారణాలు ఇవీ అన్నాడు బుద్ధుడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి ప్రకోపించడం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి తగిలే దెబ్బ, చివరగా కర్మఫలం. ఎనిమిదింటిలో కర్మ ఒకటి మాత్రమే. మిగతావి ఎవరికి వారు ఎరిగినవే, లోకమూ ఒప్పుకున్నవే కాబట్టి అంతా పూర్వకర్మే అనేవాళ్లు పొరబడ్డారని బుద్ధుడు తేల్చాడు. కారు ప్రమాదం ఇందులో ఏ పద్దు కిందికి వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

బుద్ధుడికీ వీపు నొప్పి ఉండేది. కపిలవస్తులో శాక్యులు కొత్తగా కట్టుకున్న సభామందిరంలో రాత్రి చాలాసేపు బోధించాక, వీపు నొప్పిగా ఉంది, కాస్త నడుం వాలుస్తానని శిష్యుడు ఆనందుడికి చెప్పి మిగతా బోధ అతనికి అప్పగించాడు. పై వస్త్రాన్ని నాలుగు మడతలు వేసి పరుచుకుని కుడిపక్కకు ఒరిగాడు. అందులో దాపరికమూ లేదు, సిగ్గూ లేదు. తర్వాతివాళ్లు ఊరుకోలేదు. పూర్వజన్మలో ఆయన ఒక మల్లుడికి చేసిన హాని వల్లే ఆ నొప్పి వచ్చిందని అపదానం అనే బౌద్ధ గ్రంథం చెప్పింది. మిలిందపన్హ అనే మరో గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు అటు పోలేదు. బుద్ధుడి మీద పగబట్టిన దేవదత్తుడు దొర్లించిన బండ తాలూకు రాతిపెచ్చు ఆయన పాదానికి తగిలిన సంగతి మిలింద రాజు ఎత్తితే, ఆ ఎనిమిది కారణాలే మళ్లీ చెప్పాడు. పైకి విసిరిన మట్టిబెడ్డ నేల మీద పడితే అది నేల చేసుకున్న కర్మా అని రాజునే అడిగాడు. సీవకుడికి దొరికిన జవాబుకు నాగసేనుడి మాటే దగ్గర.

మరి మనసు పాత్ర లేదా? ఉంది. ఒంటికి తగిలిన బాణం మీద దిగులు రెండో బాణమై దిగుతుందని బుద్ధుడే చెప్పాడు. అలాంటి నొప్పి ఏళ్ల తరబడి ఉండిపోతుందన్న ఊహ జనంలో పెద్దగా లేని లిథువేనియాలో జరిగి, 1996లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం వెనక నుంచి గుద్దిన ప్రమాదాల్లో చిక్కుకున్న 202 మందిని పరిశీలించింది. ప్రమాదం జరిగి ఏడాది పైనే గడిచాక చూస్తే, వాళ్ల మెడనొప్పికీ, ఏ ప్రమాదం ఎరగనివాళ్ల మెడనొప్పికీ పెద్ద తేడా లేదు. నొప్పి ఉండిపోతుందన్న భయం, ఎదురుచూపు కూడా దాన్ని పెంచుతాయని కొందరు వైద్యులు దీన్నుంచి గ్రహించారు. ఇంకొందరు నొప్పంతా నటన అనేశారు. ఇది అన్యాయం. గాయం తర్వాత వెన్నుపాములోని నాడీకణాలు చిన్న తాకిడికే అతిగా స్పందించడం మొదలుపెడతాయని నాడీశాస్త్రవేత్త క్లిఫర్డ్ వుల్ఫ్ 1983లోనే ఎలుకల మీద ప్రయోగాలతో చూపించాడు. దిగులు వదులుకోమని బాధితుడు తనకు తాను చెప్పుకోవచ్చు. పక్కవాళ్లు ఆ మాటతో అతని నోరు మూయించకూడదు.

అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పిగా ఉందని మనిషి చెప్పే మాటను గౌరవించాలన్న వివరణ జతచేసింది. మెడకు నెలల తరబడి పట్టీ కట్టి ఉంచేకన్నా మెల్లగా కదిలించడమే మేలని ఇప్పటి వైద్యం చెబుతోంది. కర్మ అని తేల్చేసిన ఇంట్లో ఆ వ్యాయామం మొదలే కాదు. నొప్పి ఉందని నమ్మి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెంట వెళ్లే మనిషి ఒకరు ఉంటే రేపే మొదలుపెట్టవచ్చు.