ఎవరి పాపమని అడుగుటకు ముందు

యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మన కందరికిని తెలిసినదే. ఈ చీకటికి కారణమైన పాపము వానిదా, వాని తలిదండ్రులదా అని వారు తెలిసికొనగోరిరి. ప్రభువు ఆ రెండు తలంపులను త్రోసివేసి, వెంటనే నేలకు వంగి బురద చేసి వాని కన్నులకు పూసెను.

అయితే ప్రియ చదువరీ, మన మధ్య మరియొక గ్రుడ్డివాడున్నాడు. వాడు చూపుతోనే పుట్టెను. మత్తు కోరి తన చేతులార పుచ్చుకొనిన దానివలన ఆ చూపును పోగొట్టుకొనెను. వీని విషయములో ఎవరి పాపమును లేదని చెప్పగలమా?

కంటిని ముట్టకుండ విడుచు మత్తుపదార్థము అరుదు. గంజాయి త్రాగినవాని కన్నులు ఎఱ్ఱబారును. నల్లమందు, హెరాయిన్ కనుపాపను సూదిమొన యంతగా కుదించును. కొకెయిన్ దానిని విప్పార్చును. ఇవి మత్తుతో వచ్చి మత్తుతో పోవునవి. ఎల్.ఎస్.డి. వంటి వాటిని పుచ్చుకొనిన కొందరికి మాత్రము, మత్తు దిగిన నెలలకు సయితము, కదలు వస్తువుల వెనుక లేని జాడలు కనబడుచుండును. శుభ్రము కాని సూదితో నరములోనికి మందు ఎక్కించుకొనువానికి బూజుజాతి క్రిములు రక్తముతో ప్రయాణము చేసి కంటిలోపల నాటుకొనవచ్చును. సామెతల గ్రంథము 23వ అధ్యాయము త్రాగుబోతును వర్ణించుచు వాని ఎఱ్ఱని కన్నులను, వింతలు చూచు కన్నులను పేర్కొనుట గమనింపదగినది. కంటిని పరీక్షించు యంత్రములు లేని దినములలోనే అది కంటియందు వ్యసనమును గుర్తించెను.

మన దేశములో పేదవాని కన్నును హరించునది ముఖ్యముగా కల్తీసారా. దానిలో కలియు మిథైల్ ఆల్కహాలు రంగుల తయారీకి, కర్మాగారములకు ఉపయోగించు ద్రవము; చూపునకును వాసనకును సారా వలెనే యుండును. 2022లో గుజరాత్‌లోని బోటాద్ ప్రాంతమునను, బీహారులోని సారణ్ జిల్లాలోను, 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలోను కల్తీసారా అనేకుల ప్రాణములు తీసెను. కళ్లకురిచ్చిలోనే 60 మందికి పైగా చనిపోయిరి. మొదటి రెండును మద్యనిషేధమున్న రాష్ట్రములే. నేను నిషేధమునకు విరోధిని కాను. అయినను చట్టము దాహమును మాన్పలేదని ఒప్పుకొనక తప్పదు. ఇట్టి ఘటనలలో బ్రతికినవారిలో కొందరు చూపు లేకయే ఇల్లు చేరుదురు.

ఆ విషము పనిచేయు తీరు తెలిసికొనదగినది. మిథైల్ ఆల్కహాలు తనంతట తాను అంత హాని చేయదు. కాలేయము దానిని మొదట ఫార్మాల్డిహైడుగాను, పిమ్మట ఫార్మిక్ ఆమ్లముగాను మార్చును. కొన్ని జాతుల చీమలు కుట్టినప్పుడు మంట పుట్టించు ఆమ్లమే యిది. శరీరకణములు శక్తిని పుట్టించుకొను పనిని ఇది ఆపివేయును. కంటినుండి మెదడునకు పోవు నరము దీని దెబ్బకు తాళలేదు. అయితే ఈ మార్పు మెల్లగా జరుగును. పండ్రెండు గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక దినమంతయు, మామూలు మత్తు తప్ప మరేమియు తోచదు. తరువాత వాంతి, కడుపునొప్పి, కన్నుల యెదుట మంచు కురిసినట్టి తెల్లదనము.

ఈ గంటలలో వైద్యునియొద్దకు చేరినవానికి నిరీక్షణ కలదు. విషము మారకుండ ఆపు మందు ఫోమెపిజోల్ ఉన్నది. అది దొరకనిచోట వైద్యులు మంచి ఆల్కహాలునే కొలతచొప్పున ఎక్కింతురు. కాలేయము దానికి ముందుగా లోబడి విషమును ముట్టక విడుచును. మద్యమును ముట్టనని ప్రమాణము చేసిన మన సంఘపెద్దలకు ఈ సంగతి కొంత ఇబ్బంది కలిగింపవచ్చును. నాకు మాత్రము సంతోషమే కలిగించినది. రక్తములో చేరిన విషమును డయాలిసిస్ ద్వారా తీసివేయుదురు.

కాని ఆ గంటలు మన యిండ్లలో ఎట్లు గడచును? భార్య తలుపు వేయును. పైత్యము చేసినదని పొరుగువారితో చెప్పును. వాడు వైద్యునితోను త్రాగలేదని బొంకును. సూదితో కంటిలో క్రిములు చేరిన యువకుడును అట్లే, సూదిమాట దాచి చుక్కలమందు మాత్రమే అడుగును. వీరు భయపడునది చట్టమునకు మాత్రమే కాదు, మన ముఖములకు కూడ. ఎవరి పాపమని అడుగుటకు మనము సిద్ధముగా నున్నామని వారికి తెలియును.

ఇక్కడ పాపము లేదని నేననను. విషమని యెరిగి కలిపి అమ్మినవాని పాపము ఘోరమైనది. కూలిడబ్బును బిడ్డల నోటినుండి లాగి త్రాగినవానికిని లెక్క యున్నది. వీటిని విచారించుటకు దినములున్నవి, న్యాయస్థానములున్నవి, పశ్చాత్తాపమునకు ప్రార్థనాగదియు నున్నది. కంటినరమునకు మాత్రము అంత గడువు లేదు. కావున పెద్దలు ఆ రాత్రి వాకిట నిలిచి అడుగవలసినది ఒక్కటే: ఎప్పుడు త్రాగితివి? ఆ మాట దాచక వైద్యునికి చెప్పువాడు ఒకడు వానితో వెళ్లవలెను.

ఆలస్యమైనవాని సంగతి కఠినమైనది. శుక్లమును తీసివేయవచ్చును, పాడైన నల్లగ్రుడ్డు పైపొరను మార్చవచ్చును. చచ్చిన నరమునకు శస్త్రచికిత్స లేదు. మన సంఘములు కంటిశిబిరములకు సంతోషముతో కానుక లిచ్చును. అచ్చట వీనికి చేయదగినది లేదు. వీనికి కావలసినది చేతికఱ్ఱ, చేయగల పని, బిడ్డలకు బడిజీతము, ఆదివారము ఆలయమునకు దారి. సువార్తలోని వానిని ఇరుగుపొరుగువారు చూపు ఎట్లు వచ్చెనని అడిగిరి. వీనిని ఎట్లు పోయెనని అడుగుదురు. ఆ మాట అడుగనివాని భుజముమీద చేయివేసి వీడు ఇంటిత్రోవ పట్టును.