ఆర్తసేవయే తదీయారాధనము

శ్రీరంగమున యామునాచార్యులవారు వేంచేసియున్న కాలమున వారి దేహమునకు రాచపుండు లేచినదని గురుపరంపరా కథలు చెప్పుచున్నవి. వేదన దుస్సహమయ్యెను. వారి శిష్యులలో మారనేరినంబి యను మహనీయుడు కలడు. నాటి సమాజము అస్పృశ్యమని దూరముంచిన కులమున జన్మించినవాడాయన. గురువుగారి బాధను చూడజాలక సన్నిధిని సాష్టాంగపడి, ఆచార్యుల భుక్తశేషము శిష్యునకు ప్రసాదమైనట్లే వారి వ్యాధియు తనకు ప్రసాదమే యగునని విన్నవించి, ఆ పుండును తనకు అనుగ్రహింపుమని యాచించెను. శిష్యుని ఆర్తికి ఆచార్యుల హృదయము కరగెను. రాచపుండు నంబి దేహమును చేరెను.

కథ అంతటితో ముగియలేదు. వ్యాధిగ్రస్తుడైన నంబికి దిక్కెవరు? యామునుల శిష్యుడును, తరువాతి కాలమున రామానుజులకు పంచసంస్కారములు గావించిన ఆచార్యుడును అగు మహాపూర్ణులు, అనగా పెరియనంబి, ఆయనకు దిక్కైరి. ఉత్తమకుల సంజాతులైన ఆ పెద్దలు నంబికి పరిచర్య చేసిరి. ఆయన పరమపదించిన పిమ్మట బ్రహ్మమేధ విధితో అంత్యసంస్కారమును గూడ నడపిరి. శ్రీరంగమున కలకలము రేగెను. రామానుజులు కారణమడుగగా, జటాయువునకు శ్రీరామచంద్రుడును, విదురునకు ధర్మరాజును సంస్కారము చేయలేదా, నంబి ఆ పక్షికంటె తక్కువవాడా, తాను ఆ రామునికంటె ఎక్కువవాడనా యని మహాపూర్ణులు ఎదురు ప్రశ్నించిరట.

ఈ కథయందు రెండు మహాకార్యములు కలవు. పరుని వ్యాధిని తాను స్వీకరించుట మొదటిది. వ్యాధితుని విడువక సేవించుట రెండవది. మొదటిది మారనేరినంబి వంటివారికే చెల్లును. సామాన్యునకు అది శక్యము కాదు, అనుకరణీయమును కాదు. రెండవది అట్లు కాదు. అన్నము కొనిపోవుట, ప్రక్కన కూర్చుండుట, పుండును కడుగుట, చివరివరకు చేయి విడువకుండుట ప్రతి గృహస్థునకును శక్యములే. భగవంతుని అర్చించుటకంటె భగవంతుని వారిని అర్చించుట శ్రేష్ఠమని పూర్వాచార్యులు బోధించిరి. అదియే తదీయారాధనము. వ్యాధితుని మంచము చెంత జరుగునదియు ఆ ఆరాధనమే.

రాచపుండు అను మాటను పూర్వులు మానని పెద్ద వ్రణములకు వాడిరి. నేటివారు కేన్సరునకును వాడుచున్నారు. యామునులవారి వ్యాధి నేటి వైద్యుల లెక్కలో ఏదియను విచారము ఇచట అనవసరము. కాని ఆ కథ నేర్పు మొదటి పాఠము కేన్సరు సోకిన ప్రతి ఇంటికిని అవసరము. రోగము వచ్చినదనగానే, ఏ జన్మలో ఏమి పాపము చేసిరో యని గొణుగువారు కలరు. ఆ మాట చెవినబడునను భయముచేత ఇంటివారు వ్యాధిపేరును దాచుదురు. పేరంటములకు పోవుట మానుదురు. బంధువుల రాకపోకలు తగ్గును. అంటువ్యాధి కాకున్నను కంచమును, గ్లాసును వేరుగా నుంచు ఇండ్లు నేటికిని కలవు. యామునాచార్యుల వంటి మహాత్మునకే రాచపుండు వచ్చినప్పుడు, వ్యాధిని పాపమునకు కొలతబద్దగా వాడుట ఎట్లు న్యాయమగును? కర్మసిద్ధాంతము ఎవరికి వారు తమ్ము దిద్దుకొనుటకు ఏర్పడినది. ఇరుగుపొరుగువారు తీర్పు చెప్పుటకు ఏర్పడినది కాదు.

చరకాచార్యుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పెను. వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి అనునవి ఆ నాలుగు. ఉపస్థాత యనగా దగ్గర నిలిచి సేవించువాడు. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, అనురాగము, శుచిత్వము అతని గుణములు. మంచమునకు నాలుగు కోళ్లు ఎట్లో చికిత్సకు ఈ నాలుగు పాదములు అట్లు. నేడు వైద్యుడును, ఔషధమును మునుపటికంటె బలపడిన పాదములు. కుంగుచున్నది ఉపస్థాత యను మూడవ పాదము. అది విరిగినచో నాలుగవ పాదమగు రోగియు నిలువజాలడు.

ఆ పాదము కుంగు విధము ఇట్టిది. రేడియేషను చికిత్స సాధారణముగా వారమునకు ఐదు దినముల చొప్పున కొన్ని వారములు సాగును. కీమోథెరపీ మందులు రెండు మూడు వారములకొకసారి చొప్పున నెలల తరబడి ఎక్కింపవలసియుండును. పల్లెనుండి వచ్చిన రోగి పట్టణమున బసచేయక తప్పదు. తోడు వచ్చిన భర్తకో కుమారునకో కూలి పోవును. ఇంటివద్ద పిల్లలను చూచువారుండరు. ఆసుపత్రిలో మందు ఉచితముగా దొరకినను, రాత్రి తలదాచుకొను చోటు లేక, రెండు పూటల అన్నము లేక, రైలు ఛార్జీలు లేక చికిత్సను నడుమ విడిచి ఇంటిదారి పట్టువారు కలరు. సగములో ఆగిన చికిత్స వ్యాధికే బలమిచ్చును. కనుక ఒక గదియు, ఒక భోజనమును, ఒక టిక్కెట్టును మందుతో సమానమైనవే.

ఈ లోటును తీర్చుటకు నేడు పలువురు పూనుకొనియున్నారు. తెలియకపోవుటచేతనే పలు కుటుంబములు వీనిని అందుకొనుట లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ నేడు తెలంగాణమున ఆ పేరుతోను, ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతోను నడచుచున్నది. అర్హులైన పేదలకు కేన్సరు శస్త్రచికిత్సలును, మందులును, రేడియేషనును దానియందు లభించును. ఈ పథకమున చేరిన ఆసుపత్రులలో మిత్ర యను పేరుగల సహాయకుడుండును. కాగితముల దారి చూపుట అతని పని. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి 1955 నుండి పేదలకు శరణ్యమైయున్నది.

శ్రీనివాసుని పాదముల చెంతను ఈ సేవ నిలిచియున్నది. ప్రాణాపాయకరమైన వ్యాధులతో బాధపడు పేదల చికిత్సకై దేవస్థానమువారు శ్రీవేంకటేశ్వర ప్రాణదాన ట్రస్టును నడపుచున్నారు. అలిపిరి చెంత దేవస్థానము ఇచ్చిన భూమిలో టాటా ట్రస్టులవారి కేన్సరు ఆసుపత్రికి 2018లో శంకుస్థాపన జరిగెను. 2022లో అది ప్రారంభమయ్యెను. మెట్లదారిన కొండనెక్కు యాత్రికులు బయలుదేరు తావుననే వ్యాధితులకు వైద్యము జరుగుట తలచుకొనదగిన విషయము.

ప్రయాణ విషయమున రైల్వేవారి రాయితీ కలదు. చికిత్సకై పోవు కేన్సరు రోగికి స్లీపరు, మూడవ తరగతి ఏసీ పెట్టెలలో ఛార్జీ పూర్తిగా మినహాయింపు. తోడుపోవు ఒకరికి ఆ తరగతులలోనే నూటికి 75 వంతులు తగ్గింపు. చికిత్స చేయు ఆసుపత్రివారు నిర్ణీత పత్రముపై సంతకము చేసి ఇచ్చినచో రిజర్వేషను కౌంటరులో దానిని చూపి టిక్కెట్టు పొందవచ్చును.

వసతి విషయమున సెయింట్ జూడ్ సంస్థ చెప్పదగినది. 2006లో బొంబాయిలో ఆరంభమైన ఈ సంస్థ, చికిత్సకై దూరమునుండి వచ్చిన కేన్సరు పిల్లలకును వారి తలిదండ్రులకును ఉచితముగా గది నిచ్చుచున్నది. వంటకు చోటు, సంభారములు, ఆసుపత్రికి పోవుటకు వాహనము, పిల్లలకు చదువు, తల్లికి ధైర్యవచనము అన్నియు అచట లభించును. హైదరాబాదులోను దాని కేంద్రము కలదు. తల్లి తన చేతితో అన్నము వండి బిడ్డకు పెట్టగలుగుటయే ఆ వసతిలోని గొప్ప ఉపకారము.

ఇక వ్యాధి నయము కాని స్థితికి వచ్చినప్పుడు ఏమి చేయవలెను? ఇక చేయునది లేదు, ఇంటికి తీసికొనిపొండు అను మాట విన్న కుటుంబమునకు దిక్కు తోచదు. రావణుడు రెక్కలు నరికిన జటాయువును శ్రీరాముడు చూచెను. ఆ రెక్కలను మరల అతికింపలేదు. కాని ఆ పక్షిరాజును విడిచి సీతాన్వేషణమునకు సాగిపోలేదు. చెంత కూర్చుండి, నిమిరి, మాట విని, ప్రాణము పోవువరకు తోడుండి, ఆ పిమ్మట దహనము చేసి గోదావరిలో ఉదకమిచ్చెను. నయము చేయలేనిచోటను చేయవలసినది ఎంతయో కలదని ఆ ఘట్టము తెలుపుచున్నది.

ఉపశమన చికిత్స యనునది ఇట్టిదే. కేరళమున కోళికోడులో 1993లో ఒక సంఘము ఆరంభమై, నొప్పితో మంచము పట్టినవారి ఇండ్లకే వైద్యులును, ఊరివారును పోయి సేవించు పద్ధతిని దేశమునకు చూపెను. హైదరాబాదులో స్పర్శ్ హాస్పిస్ 2011 నుండి అవసానదశలోని కేన్సరు రోగులకు ఒక్క రూపాయియైనను గైకొనక సేవచేయుచున్నది. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలోను నొప్పిని తగ్గించు విభాగము కలదు. తీవ్రమైన నొప్పికి మార్ఫిను ముఖ్యమైన మందు. అది అలవాటై పోవునని భయపడి వద్దను ఇండ్లు కలవు. వైద్యుడు తూచి ఇచ్చినప్పుడు ఆ భయము నిరాధారము. 2014లో పార్లమెంటు చట్టమును సవరించి ఆ మందు ఆసుపత్రులకు అందుటను సులభము చేసెను. నొప్పి తగ్గినచో రోగి నిద్రించును, ఇంటివారితో నాలుగు మాటలు పలుకును, స్వామి నామమును స్మరించును. నామస్మరణకు అవకాశమిచ్చు మందు విషము కాదు.

ఇచట ఒక సందేహము వచ్చును. సర్వభారమును స్వామిపై నుంచిన ప్రపన్నుడు వైద్యుని ఆశ్రయింపవచ్చునా? మొక్కు తీర్చిన తరువాతనే వైద్యము చూతమని నెలలు గడపువారు ఈ సందేహముచేతనే నష్టపోవుచున్నారు. క్షీరసాగరమునుండి అమృతకలశముతో వెలువడిన ధన్వంతరి విష్ణ్వంశసంభూతుడని భాగవతము చెప్పుచున్నది. దేహము జీవుని సొత్తు కాదు, శేషియగు భగవంతుని సొత్తు. యజమాని సొత్తును కాపాడుట దాసుని ధర్మము. కనుక వైద్యము శరణాగతికి విరుద్ధము కాదు. ముందు చికిత్స ఆరంభింపవలెను. మొక్కుబడికి స్వామి వేచియుండును. తొందర వ్యాధికే కాని ఆయనకు లేదు.

మొక్కుబడి మాట వచ్చినది గనుక తిరుమలను తలచుకొనవలెను. చికిత్సలోని మందులచేత కొందరికి కేశములు రాలిపోవును. స్త్రీలకు ఆ దుఃఖము వ్యాధికంటె భారముగా తోచును. అద్దము చూచుకొనరు, గడప దాటరు. తిరుమలలో కల్యాణకట్టనుండి వెలువడు వందలాది స్త్రీలు బోడితలలకు చందనము పూసికొని సంతోషముతో వరుసలలో నిలుతురు. వారి నడుమ ఒక వ్యాధితురాలు నిలిచినచో, ఆమె తల మొక్కుచేత బోడియైనదో మందుచేత బోడియైనదో ఎవరును అడుగరు. ఆ ఆదరము కొండపైననే నిలిచిపోరాదు. ఆమె తిరిగి తన ఊరు చేరినప్పుడు ఆ వీధివారును అట్లే చూడవలెను.

ఉచితము అను మాట వినగానే అభిమానవంతుడైన గృహస్థు సంకోచించును. పొలము అమ్మును, వడ్డీకి అప్పు తెచ్చును. చేయి చాచుటకు మాత్రము మనసొప్పదు. 1985లో తిరుమలలో ఉచిత అన్నదానము ఆరంభమైనది. నేడు తరిగొండ వెంగమాంబ పేరిట వెలసిన భవనమున ధనికుడును, పేదవాడును ఒకే పంక్తిలో కూర్చుందురు. అది దానమని ఎవరును సిగ్గుపడరు; ప్రసాదమని కన్నులకద్దుకొందురు. వ్యాధినే ప్రసాదముగా అడిగి తీసికొన్న మారనేరినంబి కథ విన్నవారు, స్వామి ఎవరి చేతులమీదుగానో పంపిన గదిని, భోజనమును, మందును ప్రసాదముగా స్వీకరించుటకు సంకోచింపరాదు. స్వీకరించిన ఇల్లు కోలుకొన్ననాడు మరియొక ఇంటికి తోడు నిలుచును. ప్రసాదము పంచుకొనుట అనగా అదియే.

ఇచ్చు చేతులకును పని కలదు. ధనమున్నవారు ధనమీయవచ్చును. లేనివారు ఒక రాత్రి రోగి చెంత కూర్చుండి, నెలల తరబడి నిద్ర ఎరుగని ఆ ఇంటి ఇల్లాలిని నిద్రింపనీయవచ్చును. పిల్లలకు ఒక పూట అన్నము పెట్టవచ్చును. ఆసుపత్రి కాగితములు చదివి చెప్పవచ్చును. రోగి కన్నుమూసిన తరువాత పదమూడవ దినముతో రాకపోకలు మానక, ఆ ఇంటి గడప తొక్కవచ్చును. వీనికి పాండిత్యము అక్కరలేదు, ఐశ్వర్యము అక్కరలేదు.

నంబి గుడిసెకు నడచిన నాడు మహాపూర్ణులు ఏ ఆలయములోనికి ప్రవేశించిరో, నేడు వ్యాధితుని గడప తొక్కువారును ఆ ఆలయములోనికే ప్రవేశింతురు. ఆర్తత్రాణపరాయణుడగు శ్రీవేంకటేశ్వరుడు వ్యాధితులకు ధైర్యమును, వారిని మోయువారికి బలమును, ఇరుగుపొరుగు వారికి కరుణను అనుగ్రహించుగాక.