ద్వేషం లేని మాట నిర్దోషమేనా? – యూదుల పట్ల నిత్యవ్యవహారంలోని పూర్వగ్రహం

ఒక జాతిని నిర్మూలించాలని పిలుపునిచ్చే ప్రసంగం దోషమని నిరూపించడానికి నీతిశాస్త్రం అక్కరలేదు. అంత సులభంగా తేలని సమస్య మరొకటి ఉంది. ఇంగ్లీషు వాడుకలో యూదుల పేరే క్రియగా మారి, బేరమాడి ధర తగ్గించడమనే అర్థంలో చాలాకాలం చెలామణీ అయింది. నిఘంటువులు నేడు దానిని అవమానకర ప్రయోగంగా గుర్తిస్తున్నాయి. అయినా ఆ మాటను అలవాటుగా వాడే వ్యక్తికి యూదులపై ఏ పగా ఉండకపోవచ్చు. విందులోనో, కార్యాలయంలోనో అది నవ్వుతూ దొర్లుతుంది. విన్నవారు నవ్వి ఊరుకుంటారు. పలికినవారి మనస్సులో ద్వేషం లేనప్పుడు ఆ మాటలో దోషం ఉన్నట్లా, లేనట్లా అన్నదే ఈ వ్యాసంలోని విచారణీయాంశం.

ఇటువంటి మాటకు మొదట వినిపించే సమర్థన అనుభవం. నిప్పు లేనిదే పొగ రాదని వాదిస్తారు. ఇంగ్లండు చరిత్ర ఈ వాదాన్ని నిలువనీయదు. 1290లో ఒకటవ ఎడ్వర్డు యూదులను ఆ దేశం నుంచి వెళ్లగొట్టాడు. 1656 వరకు వారు అక్కడ బహిరంగంగా నివసించే వీలు కలగలేదు. ఈ రెండు సంవత్సరాల నడుమ, సుమారు 1596–97లో, షేక్‌స్పియర్ వెనీసు వర్తకుడి నాటకాన్ని రచించాడు. తన మతాన్ని బహిరంగంగా ఆచరించే యూదుణ్ణి ఆనాటి ప్రేక్షకులలో అత్యధికులు చూసి ఉండరు. అయినా షైలాక్ వారికి చిరపరిచితుడిలా తోచాడు. యూదులు లేకుండా మూడు వందల ఏళ్లు గడిచినా వారి గురించిన ఊహాచిత్రం చెదరలేదంటే, దానికి ఆధారం అనుభవం కాదని స్పష్టం.

వడ్డీ వ్యాపారంతో యూదులకు ముడిపడిన సంబంధానికీ చారిత్రక కారణాలున్నాయి. మధ్యయుగ ఐరోపాలో క్రైస్తవులు వడ్డీ తీసుకోవడాన్ని చర్చి నిషేధించింది. అనేక ప్రాంతాలలో యూదులకు భూస్వామ్యం, వృత్తిసంఘాలలో సభ్యత్వం నిరాకరించబడ్డాయి. మిగిలిన కొద్దిపాటి జీవనోపాధులలో అప్పులివ్వడం ఒకటి. శాసనాలు నెట్టిన వృత్తిని లోకం స్వభావంగా చెప్పుకొంది. తన మానవత్వాన్ని గుర్తించమని ప్రశ్నించే ప్రసిద్ధ ప్రసంగం షైలాక్‌కు ఆ నాటకంలోనే ఉంది. వాడుక ఆ ప్రసంగాన్ని విడిచిపెట్టి పేరును మాత్రం మిగుల్చుకొంది. సంజ్ఞానామం కఠినుడైన వడ్డీ వ్యాపారిని సూచించే సామాన్యనామమైంది.

పొగడ్తలోనూ ఇదే దోషం తలెత్తుతుంది. యూదులు పుట్టుకతోనే మేధావులని, ధనార్జనలో వారిని మించినవారు లేరని మెచ్చుకొనేవారు నింద చేయడం లేదని తలుస్తారు. నిందించేవారివలెనే వారూ వ్యక్తిని చూడక జాతినే చూస్తున్నారు. కులాలపై సామెతలు విస్తారంగా గల తెలుగు భాషకు ఈ వాక్యనిర్మాణం కొత్తది కాదు. సామెతలో పేర్కొన్న కులానికి చెందినవాడు ఎదుట ఉన్నప్పుడు నవ్వు ఎవరిది, మౌనం ఎవరిదన్నది పరిశోధకులు ఎరిగినదే.

పలికినవారి ఉద్దేశమే ప్రధానమనే వాదం ఇక మిగిలింది. మనసా వాచా కర్మణా అన్న మాటను గమనిస్తే, వాక్కును మనస్సు నుంచి వేరుగా లెక్కించడం కనిపిస్తుంది. మనస్సు శుద్ధమైనంత మాత్రాన వాక్కు శుద్ధం కాదు. ఉద్దేశం లేకపోవడం పలికినవారి అపరాధాన్ని తగ్గిస్తుంది. విన్నవారికి కలిగిన గాయాన్ని తగ్గించదు. అభ్యంతరం చెబితే హాస్యం తెలియనివాడన్న నింద, చెప్పకపోతే అంగీకరించాడన్న భావన – ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకొనే భారం యూదుడి మీదే పడుతుంది. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రకటించిన పూర్వగ్రహ విశ్లేషణలో కించపరిచే మాట తొలి మెట్టు, సంహారం చివరి మెట్టు. తొలి మెట్టు ఎక్కినవారంతా చివరి మెట్టుకు చేరుతారని ఆయన చెప్పలేదు. అయితే పై మెట్ల కింద ఈ మెట్టు ఉన్నదని మరవరాదు.

తెలుగునాట ఈ సమస్య పరోక్షరూపంలో కనిపిస్తుంది. సుమారు 60 లక్షల యూదుల సంహారానికి కారకుడైన హిట్లర్ పేరు ఇక్కడ క్రమశిక్షణ పాటించే ఉపాధ్యాయునికీ, కఠినుడైన తండ్రికీ ముద్దుపేరు. 1997లో వచ్చిన ఒక తెలుగు చలనచిత్రంలో చెల్లెళ్లను కట్టుదిట్టంగా కాపాడే అన్నకు ఆ పేరే చెల్లింది. ఇందులో యూదద్వేషం లేదు. హతుల స్మృతి మాత్రం లోపించింది. వినేవారిలో యూదులు ఉండరన్న నమ్మకమూ సరికాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం యూదులు ఉన్నారు. వారి మాతృభాష తెలుగే.

కనుక ద్వేషం లేని మాట నిర్దోషం కానవసరం లేదు. తెలియక పలికినవారిని ద్వేషులుగా ముద్రవేయడం న్యాయం కాదు. తెలిసిన తరువాత కూడా అదే మాటను కొనసాగించడానికి మాత్రం వారే బాధ్యులు. ఆ తెలివిడి కలిగించే బాధ్యతను గాయపడినవారికే వదలరాదు. ఆ మాట ఎవరిని ఉద్దేశించినది కాదో ఆ శ్రోతే, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసా అని ముందుగా, మర్యాదగా అడగవలసి ఉంటుంది. అలా అడగడంలో అతడు పోగొట్టుకొనేది స్వల్పం. యూదుడికి మాత్రం ఆ సభలో ఒంటరితనం తప్పుతుంది.