సారంగధర కథలో దోషి ఎవరు?

సారంగధర కథ తెలుగువాళ్లు తరతరాలుగా విని కంటతడి పెట్టుకున్న కథ. రాజరాజనరేంద్రుడి చిన్న భార్య చిత్రాంగి సవతికొడుకును కోరింది. పావురం కోసం ఆమె మందిరానికి వెళ్లిన సారంగధరుడు ఆమెను తల్లిగానే చూశాడు. ఆమె పగబట్టి సంగతిని తలకిందులు చేసి రాజుకు చెప్పింది. రాజు కొడుకు కాళ్లూ చేతులూ నరికించాడు. ఇందులో దోషి ఎవరని అడిగితే చిత్రాంగి అనే అంటారు. నరికించినవాడి పేరు ఎవరి నోటా రాదు. ఈ తీర్పు న్యాయమైనదేనా?

రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట వుంది గాని, చరిత్రలో సారంగధరుడు లేడు. 1022 నుంచి 1061 వరకు వేంగి నేలిన రాజరాజుకు పోరు పెట్టినవాడు సవతితమ్ముడు విజయాదిత్యుడు. కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యాడు. కథ వేరేచోటినుంచి వచ్చింది. 15వ శతాబ్దంలో గౌరన శ్రీశైలం భిక్షావృత్తి మఠానికి చెందిన గురువు కోరికపై రచించిన ‘నవనాథ చరిత్ర’లో ఇది సిద్ధుల కథ. నరికిన అవయవాలు అక్కడ సిద్ధుని మహిమతో తిరిగి వస్తాయి. శ్రీశైలానికి పశ్చిమద్వారమైన అలంపురం గద్వాల జిల్లాలోనూ, ఉత్తరద్వారమైన ఉమామహేశ్వరం నాగర్‌కర్నూలు జిల్లాలోనూ వున్నాయి. అంచేత ఇది గోదావరి ఒడ్డు కథ మాత్రమే కాదు, కృష్ణ ఒడ్డున వున్న మనది కూడా. 17వ శతాబ్దంలో చేమకూర వెంకటకవి దీన్ని ప్రబంధం చేశాడు. తర్వాత బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ నాటకంగా రాశారు. మహిమ తొలగిపోయేసరికి నేరం నేరంగా నిలబడింది.

గద్వాల ప్రాంతంవాడైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాలను రాజుల కీర్తి కోసం గాక జనజీవితం కోసం చదివే దారి చూపారు. ఆ దారిన ఈ కథను చదివితే మొదటి ద్రోహం చిత్రాంగిది కాదని తెలుస్తుంది. రంగస్థలం మీదా, 1957 నాటి సినిమాలోనూ జనం ఎరిగిన కథ ప్రకారం ఆమెను తెచ్చింది కొడుకు కోసం. ఆమె మనసులో నిలిచింది కొడుకు రూపం. పెళ్లాడినవాడు తండ్రి. కొడుకుకు దక్కవలసిన పిల్లను తాను కాజేశానని రాజుకు తెలుసు. అందుకే చిత్రాంగి చెప్పగానే విచారణ లేకుండా నమ్మాడు. అతని అసూయకు పునాది ఆమె మాట కాదు, తన పాత నేరం. తాను చేసినపనే కొడుకూ చేసివుంటాడని అనుకోవటం అతనికి చాలా సులువు.

షేక్‌స్పియర్ ఒథెల్లోతో పోల్చి చూడండి. ఒథెల్లో వెనిస్‌లో పరాయివాడు, నల్లవాడు, కొలువుకు కుదిరిన సేనాని. తెల్లజాతి సంఘం తనను మనస్ఫూర్తిగా స్వీకరించలేదన్న గాయం అతనిలో వుంది. ఇయాగో విషం ఎక్కింది ఆ గాయంలోనుంచే. అయినా డెస్డిమోనా గొంతు నులిమిన చేతులు ఇయాగోవి కావు. రాజరాజుకు అలాంటి గాయమైనా లేదు. ఫిర్యాదు విన్నవాడూ, తీర్పు చెప్పినవాడూ, పరువు పోయిందని రగిలినవాడూ ఒక్కడే. ‘చెప్పుడు మాటలు వింటే చేటు’ అని మన సామెత. ఈ సామెత చెప్పినవాళ్లను తిట్టి, చెవి ఒగ్గినవాణ్ణి జాలిపడదగినవాడుగా నిలబెడుతుంది. నమ్మటం కూడా ఒక పనే. దానికీ బాధ్యత వుంటుంది.

అయితే చిత్రాంగి నిర్దోషి అనవచ్చునా? భూస్వామ్య వ్యవస్థకు బలియైన స్త్రీ అని ఒక్క మాటతో ఆమెను విడుదల చేసే మిత్రులున్నారు. ఇది సరికాదు. ఆమెకు జరిగిన అన్యాయం నిజం. కాని ఆమె దెబ్బతీసింది అన్యాయం చేసినవాణ్ణి కాదు, ఏ పాపం ఎరగనివాణ్ణి. తనను నలిపిన అధికారాన్నే ఆయుధంగా వాడుకుంది. అబద్ధమాడిన నేరం ఆమెది. ఆ అబద్ధానికి కాళ్లూ చేతులూ నరికే శక్తినిచ్చింది మాత్రం రాజ్యం. అదే అబద్ధం అధికారం లేని ఇంట్లో పుడితే ఒక తగవుతో తేలిపోయేది. ఎవరి చేతిలో ఎంత శక్తి వుందో చూడకుండా తప్పును సమంగా పంచటం న్యాయం కాదు.

ఆవేశంలో చేశాడని రాజును వెనకేసుకొచ్చేవారికి 1961 నాటి ఒక తీర్పు జవాబు చెబుతుంది. 1959లో బొంబాయిలో నౌకాదళాధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చిచంపాడు. రెచ్చిపోయి చేశాడని వాదించారు. సుప్రీంకోర్టు తరఫున తీర్పు రాసిన జస్టిస్ కోకా సుబ్బారావు రాజమహేంద్రవరంలోనే పుట్టినవారు. భార్య సంగతి చెప్పాక నానావతి ఆమెనూ పిల్లలనూ సినిమాహాలు దగ్గర దింపి, ఓడకు వెళ్లి రివాల్వరు తీసుకుని, అటునుంచి ప్రియుడి ఇంటికి వెళ్లాడు. మనసు నిలుపుకోవటానికి ఆ వ్యవధి చాలునని, అది హత్యేనని కోర్టు తేల్చింది. బాధ పడ్డావా అని కాక, ఆగి ఆలోచించే వ్యవధి వుందా అని అడగటమే ఇందులోని నీతి. కొడుకును పిలిచి అడగటానికీ, దాసీలను విచారించటానికీ, తలారులకు ఆజ్ఞ ఇవ్వకుండా ఒక రాత్రి ఆగటానికీ రాజరాజుకు వ్యవధి లేకపోయిందా?

భార్య భర్త సొత్తన్న భావం చట్టంలోనే చాలాకాలం నిలిచింది. 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ప్రకారం భర్త సమ్మతిస్తే వ్యభిచారం నేరమే కాదు. 2018లో గాని సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేయలేదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు పోయి డెబ్బై ఏళ్లు దాటింది. అయినా భార్యను చంపిన భర్త వార్తకు ‘అనుమానమే పెనుభూతమై’ అని శీర్షిక పెట్టే అలవాటు మన పత్రికలకు పోలేదు. చంపింది భూతమైనట్లు, మనిషి దాని చేతి పనిముట్టయినట్లు! విద్యార్థులకు సారంగధర కథ చెప్పే అధ్యాపకులు పావురం గురించి, చిత్రాంగి మోహం గురించి చెప్పి వూరుకోరాదు. ఆజ్ఞ ఇచ్చింది ఎవరని కూడా అడగాలి. ఆ ప్రశ్న తరగతి గదిలో అలవాటైతే రేపు ఇంట్లోనూ, పంచాయతీలోనూ అడుగుతారు.